జాఫా వీధి, కాలువగట్టు తాడు

వాక్కునకు తల్లియైన దేవికి మ్రొక్కి, నాకు అక్షరమిచ్చిన గురువులను తలచుకొని, క్రోధి నామ సంవత్సరం, ఉత్తరాయణం, శిశిర ఋతువు, ఫాల్గుణ బహుళ పాడ్యమి, శుక్రవారం సాయంకాలం నా కన్నుల ఎదుట జరిగినదానిని, అంతకు ముందు దానికి దారి తీసినదానిని వ్రాస్తున్నాను. ఆనాడు పౌర్ణమి మధ్యాహ్నానికే గడచిపోయింది. ఊరివారు మాత్రం పున్నమి అనే చదవమని నన్ను బతిమాలారు. పండుగ కోసం తిథిని వెనక్కు జరపడం నా చేతిలో లేదని చెప్పి, తాడు దగ్గర నిలబడి పాడ్యమి అనే చదివాను.

ఆ తాడు సంగతి ముందుగా చెప్పాలి. కోటగిరి దాటి మంజీర వైపు వెళ్లే దారిలో ఒక ఊరున్నది. పేరు వ్రాయను. నిజాంసాగర్ కాలువ పిల్లకాలువ ఒకటి ఆ ఊరిని రెండుగా చీల్చుకొని పోతుంది. కాలువకు ఎగువన పాత ఊరు సగం, దాని వెనుక తండా. దిగువన మిగిలిన సగం, దాని అవతల కోస్తా నుండి వచ్చి స్థిరపడినవారి క్యాంపు. దిగువకు నీరందుతుంది, ఎగువకు అందదు. ప్రతి సంవత్సరం హోలీ సాయంత్రం కాలువగట్టు ప్రక్కన రెండు గుంజలు పాతి, నడుము ఎత్తున లావుపాటి తాడు కట్టి, ఎగువవారు ఒక ప్రక్క, దిగువవారు ఒక ప్రక్క నిలుస్తారు. ఎడమచేతితో తాడు పట్టుకొని కుడి పిడికిలితో ఎదుటివానిని గుద్దాలి. తాడు విడిచినవాడు ఓడినట్లు. ఉంగరాలు, కడియాలు తీసివేయాలి. డప్పు మ్రోగుతున్నంతసేపే దెబ్బలు, డప్పు ఆగితే పిడికిలి విప్పాలి. ఆ తర్వాత ముందునాటి కాముని దహనంలో మిగిలిన బూడిద తెచ్చి, కొట్టినవాడే కొట్టించుకున్నవాని గాయానికి అద్ది, కౌగిలించుకోవాలి. ఈ ఆట ఆడని ఏడు ఊరికి కీడు జరుగుతుందని వారి నమ్మకం. బాన్సువాడ బడిలో తెలుగు పండితుడుగా ఉద్యోగం చేసిన కాలం నుండి తాడు దగ్గర సంవత్సరం, మాసం, తిథి చదివే పని నాకు అప్పగించారు. ఉద్యోగ విరమణ పొందినా అది నన్ను వదలలేదు.

ఆటకు ముందు ఇంకొక కట్టుబాటున్నది. ఊరి పెద్దమనిషి తాడు మధ్యలో నిలబడి అందరూ వినేటట్లు అడుగుతాడు. గట్టు పగ ఉన్నవాడు, నీళ్ల పగ ఉన్నవాడు, ఇంటి పగ ఉన్నవాడు తాడు ముట్టరాదు. పగతో పట్టిన తాడు మనిషిని మింగుతుందని వారంటారు. ఎవరికైనా అటువంటిది ఉంటే ప్రక్కకు తప్పుకుంటాడు. తప్పుకున్నవానిని ఎవరూ వేళాకోళం చేయరు. ఆ ప్రశ్న వల్లనే అంత గుద్దుకొని కూడా ఆ ఊరిలో ఎవరూ ప్రాణం మీదకు తెచ్చుకోలేదు.

నా శిష్యులిద్దరి పేర్లు కూడా వ్రాయను. ఒకడు క్యాంపువాడు, ఒకడు తండావాడు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, హాస్టలులో ఒకే గదిలో ఉన్నారు. ఇప్పుడు ఇద్దరికీ నలభై దాటింది. ఒకరినొకరు బావ అని పిలుచుకుంటారు.

క్యాంపు శిష్యుని ముత్తాత కోస్తా రైతుల వెంట కూలిగా వచ్చాడు. క్రైస్తవ కుటుంబం. ఇతడు ఏళ్ల తరబడి ఇజ్రాయెల్ దేశంలో ఒక వృద్ధురాలికి సేవ చేస్తున్నాడు. ఆమెకు తొంభై దాటాయి, పిల్లలు లేరు. లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, తినిపించడం అన్నీ ఇతని చేతుల మీదనే. ఆ భాష కూడా నేర్చుకున్నాడు. తన ప్రాణం ఇతని చేతుల్లోనే పోవాలని ఆమె ఇతని దగ్గర మాట తీసుకుంది. మాఘమాసంలో సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు వేరొక మనిషిని కుదిర్చి వచ్చాడు గాని, ఆ మనిషి చేతి ముద్ద ఆమెకు సహించడం లేదు. రోజూ సాయంత్రం ఫోను చేసి, ఎప్పుడు వస్తావు అని అడిగేది. ఉగాది దాటగానే తిరిగి వెళ్లాలి. వెళ్లేముందు కళ్లు మొదలు ఊపిరితిత్తుల దాకా వైద్యపరీక్ష నెగ్గాలి. అప్పటికి అతని మనసులో ఉన్నది ఒక్కటే, ఆమె బ్రతికి ఉండగా చేరుకోవడం.

తండా శిష్యుడు దోహాలో భవనాల పనికి వెళ్లి, తిరిగి వచ్చి, వరికోత మిషను నడుపుతున్నాడు. దోహాలో అతని మేస్త్రీ పాలస్తీనా మనిషి. ఒకసారి ఇతడు గోడకు కట్టిన సారవ కర్రల మీది నుండి పడి కాలు విరిగితే, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా ఆ మేస్త్రీ ఇతనిని భుజాన వేసుకొని మెట్లు దిగాడు. ఆ మేస్త్రీ పేరెత్తితే ఇప్పటికీ ఇతని కళ్లు చెమరుస్తాయి.

మాఘమాసం చివరలో ఇద్దరూ బాన్సువాడలో మా ఇంటికి వచ్చారు. బస్టాండు ఎదుటి హోటలులో టీవీలో అక్కడి యుద్ధం చూపుతున్నారట. చూసి చూసి వాదులాడుకొని, తీర్పు చెప్పించుకుందామని నా దగ్గరకు వచ్చారు. వసారాలో కూర్చున్నారు. మా ఇంటావిడ చాయ ఇచ్చింది.

తండా శిష్యుడు సూటిగా అడిగాడు. "సార్, మీరు పుస్తకాలు సదివినోళ్లు. అసలు మొదటి దెబ్బ ఎవనిది?"

నేను జవాబు చెప్పకముందే క్యాంపు శిష్యుడు తన వృద్ధురాలి కథ చెప్పాడు. ఆమె తండ్రి అద్దాలు బిగించే పనివాడు. ఐరోపాలో తమ యూదు జాతివారిని తరుముతుంటే భార్యను, పిల్లను తీసుకొని ఓడలో పాలస్తీనాలోని జాఫా రేవున దిగాడు. అది ఆంగ్లేయుల ఏలుబడి కాలం. ఆమెకు ఐదేళ్లప్పుడు ఒక అరబ్బు అంగడివాడు తన కిటికీకి అద్దం వేయమని కబురు పెట్టాడు. తండ్రి అద్దం పలకను వీపున కట్టుకొని నడుస్తుంటే, ఈమె ప్రక్కన అద్దం అతికించే లప్పం డబ్బా పట్టుకొని నడిచింది. వీధి మలుపు తిరిగేసరికి గుంపు ఎదురైంది. మొదటి రాయి అద్దానికి తగిలింది. పలక వీపు మీదనే పగిలి, మెడ ప్రక్కన దిగబడింది. అతడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ తర్వాత కర్రలు పడ్డాయి. పడినవాడు లేవకపోయినా కర్రలు ఆగలేదు. కబురు పెట్టిన అంగడివాడే పిల్లను లోపలికి లాగి తలుపు మూశాడు. ఆ తలుపు సందులో నుండి ఆమె అంతా చూసింది. కర్ర పట్టిన ఒక మనిషి ముఖం ఆమెకు నేటికీ స్పష్టంగా గుర్తున్నది. వాడికి పై పెదవి మీద చిన్న మచ్చ.

"అద్దాలేసుకునేవాడు సార్," అన్నాడు క్యాంపు శిష్యుడు. "ఆయన ఎవరి పొలం కొన్నాడు? ఎవర్ని వెళ్లగొట్టాడు?"

తండా శిష్యుడు వింటున్నంతసేపు గ్లాసు వైపే చూశాడు. ఆ తర్వాత తన మేస్త్రీ తాత కథ మొదలుపెట్టాడు. ఆ తాత అదే జాఫా రేవులో నారింజ పెట్టెలు మోసేవాడు. ఓడ తరువాత ఓడ వచ్చి కొత్తవారు దిగుతున్నారు. ఎక్కడో పట్నంలో ఉండే భూస్వాములు భూములు అమ్ముకుంటే, ఆ నేల దున్నే కౌలుదార్లు ఇల్లు విడిచి పోవలసి వచ్చింది. వారిలో ఈ తాత అన్నదమ్ములు ఉన్నారు. ఒక శుక్రవారం మసీదులో ప్రార్థన ముగించుకొని, వలసలు ఆపమని అడగడానికి వేలమంది ఊరేగింపుగా కదిలారు. తెల్లదొరల పోలీసులు మొదట లాఠీలతో మీద పడ్డారు. తలలు పగిలాయి. ఆ తర్వాత తుపాకులు పేల్చారు. తాతకు గుండు కడుపులో దిగింది. అంగడి తలుపు ఒకటి ఊడదీసి దాని మీద మోసుకొని పోతుంటే, పేగులు జారకుండా తన చేత్తోనే అదిమి పట్టుకున్నాడట. ఇల్లు చేరకముందే చేయి సడలింది.

"చేతుల రాయి లేకుండె సార్," అన్నాడు. "అడగనీకి పోయిండ్రు. గంతే."

ఇద్దరూ ఆ రెండు చావులూ ఒకే రోజున జరిగినట్లు నమ్మి వాదులాడుకుంటున్నారని నాకు అప్పుడు అర్థమైంది. అలమారులో నుండి చరిత్ర పుస్తకం తీసి చూపించాను. అవి వేరువేరు సంవత్సరాలు. ఊరేగింపు మీద కాల్పులు ముందు, అద్దాలవాడు చనిపోయిన అల్లర్లు దాదాపు మూడేళ్ల తర్వాత. ఇద్దరు చెప్పినదీ నిజమే కావచ్చునని, ఒకరి నిజం ఇంకొకరి నిజాన్ని కొట్టివేయదని చెప్పాను. దానితో వాదం చల్లారుతుందనుకున్నాను.

తండా శిష్యుడు తొడ చరిచాడు. "అగ్గో, మాదే ముందు. మొదటి దెబ్బ మీవోళ్లదే."

"కాల్చింది ఇంగ్లీషోడు. మావోళ్లు కాదు," అన్నాడు క్యాంపు శిష్యుడు. "అయినా అంతకు ముందు అదే జాఫాలో ఇళ్లలో దూరి చంపలేదా? పుస్తకం ఇంకో పేజీ వెనక్కి తిప్పండి సార్."

పేజీ వెనక్కు త్రిప్పితే అంతకు ముందటి అల్లరి, ఇంకా త్రిప్పితే ఆంగ్లేయుడు ఒకరికి ఇచ్చిన మాట, మరొకరికి ఇచ్చిన వేరొక మాట. ఎవరికి అనుకూలమైన పేజీ దగ్గర వారు నన్ను ఆపమన్నారు. చివరకు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను. అప్పటిదాకా ఇద్దరి పెదవుల మీద నవ్వున్నది. తండా శిష్యుడు నవ్వుతూనే ఈ మాట అన్నాడు.

"మీ తాతలు గూడ గట్లనే దిగిండ్రు గద బావ. గా జమానల నవాబు కాలువ తవ్విండు, మీరొచ్చిండ్రు. మా గొడ్లు మేసిన బీడుల నాట్లు వెట్టిండ్రు. మమ్ముల ఒక్క మాట అడిగిండ్రా?"

క్యాంపు శిష్యుని ముఖంలో రక్తం ఇంకిపోయింది. "మా తాత దొరగా రాలేదు. కూలికొచ్చాడు. ఇవాళ్టికీ మాకు సెంటు భూమి లేదు. నీకు తెలుసు."

"గా అద్దాలాయనకు గూడ లేకుండె. ఆయన ఎక్కిన ఓడ ఎవని మాటతోని వచ్చింది?"

క్యాంపు శిష్యుడు విసిరిన చాయ గ్లాసు గోడకు తగిలి పగిలింది. తండా శిష్యుని చెవి ప్రక్క నుండి వెళ్లింది. అతడు లేచి క్యాంపు శిష్యుని చొక్కా గుండీల దగ్గర పట్టుకొని గోడకు అదిమాడు. నేను మధ్యకు వెళ్లబోతే మోచేయి తగిలి కుర్చీలో పడ్డాను. నేను పడడం చూసి ఇద్దరూ ఆగారు. క్యాంపు శిష్యుడు గాజుపెంకులు తానే ఏరాడు. తండా శిష్యుడు నా కాళ్లు పట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం ఒకే బండి మీద వచ్చిన ఆ ఇద్దరిలో ఒకడు నడిచి పోయాడు.

వారం తిరగకముందే మళ్లీ ఒకే బండి మీద వచ్చారు. తాడు దగ్గరకు నన్ను పిలవడానికి వచ్చారు. గోడ మీది చాయ మరక చూసి తండా శిష్యుడు, సున్నం కర్చు బావదే సార్ అన్నాడు. అందరం నవ్వాము. అంతటితో అది తీరిపోయిందని నేననుకున్నాను. వారూ అలాగే అనుకున్నారు.

ఆ శుక్రవారం ఎండ చల్లబడేవేళకు కాలువగట్టు జనంతో నిండిపోయింది. కోతలు దగ్గరపడిన వరి దిగువన పసుపుబారి ఉన్నది. ఎగువన మొక్కజొన్న కోసిన మోళ్లు. ముఖాలకు రంగులున్నాయి. డప్పులు వెచ్చబెడుతున్నారు. క్యాంపు శిష్యుడు తాడు పట్టవద్దని అతని భార్య నా ఎదుటనే మొత్తుకుంది, వైద్యపరీక్ష ఉన్నది గదా అని. సెలవు మీద వచ్చి తాడు ముట్టకపోతే క్యాంపువాడు భయపడ్డాడంటారని అతని జవాబు. ముఖం మీద పడకుండా చూసుకుంటానని ఆమెకు మాట ఇచ్చాడు. చేతి ఉంగరం తీసి ఆమెకే ఇచ్చాడు.

పెద్దమనిషి మధ్యలో నిలబడి అడగవలసిన మాటలు అడిగాడు. ఎగువ ప్రక్కన ఒకడు గట్టు తగాదా ఉన్నదని తప్పుకున్నాడు. దిగువన అన్నదమ్ములిద్దరు ఇంటి వాటా విషయంలో తప్పుకున్నారు. నా శిష్యులిద్దరూ తాడుకు అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. పెద్దమనిషి చూపు వారి మీద ఒక క్షణం ఆగింది. నా ఇంట జరిగిన గొడవ ఆయన చెవిన పడే ఉంటుంది.

తండా శిష్యుడు పళ్లు కనబడేటట్లు నవ్వాడు. "మా నడుమ ఏమున్నది బావ? గట్టా, నీళ్లా?"

"ఏం లేదు బావా," అన్నాడు క్యాంపు శిష్యుడు.

అది అబద్ధం కాదు. వారి మధ్య గట్టు లేదు, నీళ్లు లేవు, ఇల్లు లేదు. సముద్రాల అవతల ఎవరో ఎవరినో చంపిన సంగతి పగ కిందకు వస్తుందని ఆ కట్టుబాటు పెట్టినవారెవరూ ఊహించలేదు. పెద్దమనిషి తల ఊపి ప్రక్కకు జరిగాడు. నేను తిథి చదివాను. డప్పు లేచింది.

మొదట అంతా ఏటేటా ఉండేటట్లే ఉన్నది. భుజాల మీద, ఛాతీ మీద, పక్కటెముకల మీద దెబ్బలు. తడిమట్టి మీద బస్తాలు వేసినట్లు శబ్దం. ఒకనికి ముక్కు పగిలి రక్తం కారితే జనం ఈలలు వేశారు. తాడు ఇటు ఊగి అటు ఊగింది. నా శిష్యులిద్దరూ హాస్యానికి మొదలుపెట్టారు. తండా శిష్యుడు ఛాతీ మీద గుద్ది, గిది మా మేస్త్రీ తాతకు అన్నాడు. క్యాంపు శిష్యుడు భుజం మీద గుద్ది, ఇది మా ముసలామె నాన్నకి అన్నాడు. ప్రక్కవారు నవ్వారు. ఒక దెబ్బకు కాల్పులు, ఒక దెబ్బకు అద్దం, ఒక దెబ్బకు ఓడ. ప్రతి గుద్దుకూ జాఫా నుండి ఒక మాట. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తగ్గుతూ వచ్చింది. మాటలు కూడా తగ్గుతూ వచ్చాయి.

అప్పుడు తండా శిష్యుడు దవడ మీద కొట్టి, గిది మా తాత బీడుకు అన్నాడు.

క్యాంపు శిష్యుడు తిరిగి కొట్టిన దెబ్బకు ఎదుటివాని పెదవి చీలి పంటి మీద వ్రేలాడింది. దాని తర్వాత ఇద్దరి నోటా మాట లేదు. ప్రక్కనున్నవారి నవ్వు ఆగిపోయింది. తాడు పట్టిన ఎడమచేతులు తెల్లబడి ఉన్నాయి. ఒకరి ముఖం నుండి ఒకరు కళ్లు త్రిప్పుకోకుండా, తప్పించుకోకుండా, ఎదుటి దెబ్బ పడేదాకా ఆగి మరీ కొడుతున్నారు. చెవుల నుండి రక్తం, ముక్కుల నుండి రక్తం. ముఖాల రంగూ రక్తమూ కలిసి మెడల మీదుగా కారాయి. పెద్దమనిషి చేయి ఎత్తాడు. డప్పు ఆగింది. తాడు పొడుగునా పిడికిళ్లు విచ్చుకున్నాయి. ఆ రెండు పిడికిళ్లు విచ్చుకోలేదు.

డప్పు ఆగిన తర్వాత మొదటి దెబ్బ ఎవరిదో నాకు తెలియదు. నాకు కనబడింది చివరి దెబ్బ మాత్రమే. తండా శిష్యుని పిడికిలి క్యాంపు శిష్యుని ఎడమకంటి మీద పడింది. అతడు తాడు విడిచి, రెండు చేతులతో ముఖం మూసుకొని, మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేళ్ల సందుల నుండి రక్తంతో పాటు నీటి వంటిది ఏదో కారింది.

తండా శిష్యుడు తాడు దాటి వచ్చాడు. కొట్టడానికి వస్తున్నాడనుకొని క్యాంపు యువకులు ఇద్దరు అతని చేతులు విరిచి పట్టుకున్నారు. విదిలించుకున్నాడు. తట్టలోని కాముని బూడిద గుప్పెడు తీసుకున్నాడు. ఏడుస్తున్నాడు. కొట్టినవాడే అద్దాలి అన్నది కట్టుబాటు గదా. బావ చేతులు పక్కకు తీసి, ఆ బూడిదను చీలిన కంటి మీద పెట్టి, అరచేత్తో అదిమి, తల తన ఛాతీకి హత్తుకున్నాడు. క్యాంపు శిష్యుడు కూడా ఒక చేతిని అతని వీపు చుట్టూ వేశాడు. చూస్తున్నవారు ఊపిరి పీల్చుకున్నారు. పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. అంతసేపు ఆ బూడిద కంటిలోనే ఉన్నది.

బాన్సువాడ దవాఖానాలో కట్టు కట్టి హైదరాబాదు పంపించారు. తండా శిష్యుడే కారు మాట్లాడి, ఒళ్లో తల పెట్టుకొని తీసుకొని పోయాడు. దెబ్బకు కంటి గుడ్డు చీలిందని, ఆ చీలిక కుట్టగలిగినదేనని, లోపలికి దిగిన బూడిద వల్ల చీము పట్టిందని అక్కడి డాక్టరు చెప్పాడట. కన్ను తీసివేశారు. ఆ మాట చెప్పేటప్పుడు తండా శిష్యుడు గది బయటే ఉన్నాడు. తలుపు తెరచి ఉన్నది.

ఊరు మాత్రం డప్పు ఆగిన తర్వాత మొదట కొట్టింది ఎవరన్న దాని మీద రెండుగా చీలింది. తండావాడే కొట్టాడని దిగువవారు, క్యాంపువాడే కొట్టాడని ఎగువవారు ఒట్లు వేశారు. ఫోనుల్లో తీసిన బొమ్మలు ఉన్నాయి గాని, ఒక దానిలో ఒకడు ముందు, ఒక దానిలో ఇంకొకడు ముందు. మరునాడు ఉదయం క్యాంపు యువకులు ఎగువకు వెళ్లి కోత మిషను అద్దాలు పగులగొట్టి, టైర్లు కోసి, అడ్డం వచ్చిన తండా శిష్యుని తమ్ముణ్ని కర్రలతో మోకాలి చిప్ప పగిలేటట్లు కొట్టారు. మధ్యాహ్నం తండా నుండి దిగినవారు చర్చి కిటికీల మీద రాళ్లు వేశారు. లోపల ఆడవాళ్లు గాయపడినవాని కోసం ప్రార్థన చేస్తున్నారు. ఒకామె నుదురు చిట్లింది. ఆ సాయంత్రం తండా ఆడవాళ్లు కూలికి దిగువకు రాలేదు. దిగువ దుకాణాల్లో ఎగువవారికి సరుకు ఇవ్వలేదు. జాఫాలో కూడా కొట్లు మూసి, పనులు మాని నెలల తరబడి హర్తాళ్ చేశారని నేను నా శిష్యులకు చదివి చెప్పి ఉన్నాను. ఆ మాట నాకు ఆ రోజంతా గుర్తుకు వస్తూనే ఉన్నది.

హైదరాబాదు నుండి తిరిగి వచ్చిన తండా శిష్యుణ్ని క్యాంపు యువకులు బాన్సువాడ బస్టాండులోనే పట్టుకొని కొట్టారు. బావను కొట్టిన కుడి చేతిని రాతి మెట్టు మీద పెట్టి చెప్పుకాలితో తొక్కారు. అతడు విడిపించుకోవడానికి ప్రయత్నించలేదని చూసినవారు చెప్పారు.

కన్ను పోయిన శిష్యుడు ఫిర్యాదు వ్రాసి ఇవ్వాలని క్యాంపు పెద్దలు పట్టుబట్టారు. పోలీసు అధికారి మంచం దగ్గరకు వచ్చి ఎవరు కొట్టారని అడిగినప్పుడు నేను అక్కడ ఉన్నాను. తాడు దగ్గర తగిలిందని, తాడు దగ్గర తగిలినదానికి మా ఊళ్లో పేరుండదని అతడు చెప్పాడు. అధికారి రెండవసారి, మూడవసారి అడిగాడు. అదే జవాబు. అధికారి వెళ్లిన తర్వాత అతని మామగారు కోపంతో గది విడిచి పోయాడు. నేను ఎందుకని అడిగాను.

"ఆమెకి తొంభై ఏళ్లుగా ఒక్క మొహమే కనపడతా ఉంది సార్," అన్నాడు. "నాకు వద్దు."

అతని మాట విన్నాక క్యాంపువారు మెల్లగా వెనుకకు తగ్గారు. తండావారు కూలికి దిగారు. కోతలు ఆగలేదు గాని, ఆ ఏడు కోతకు వేరే ఊరి మిషను వచ్చింది.

ఉగాది వెళ్లిన తర్వాత ఒక సాయంత్రం ఇద్దరూ మా వసారాలో కూర్చున్నారు. ఒకనికి కంటి మీద గుడ్డ, ఇంకొకని చేతికి కట్టు. వైద్యపరీక్షలో కాదన్నారని క్యాంపు శిష్యుడు అప్పుడే చెప్పాడు. ఒంటికన్నువానికి ముసలివారిని లేపి కూర్చోబెట్టే పని ఇవ్వరట. అంతలో ఫోను మ్రోగింది. బొమ్మ కనబడే ఫోను. తన ముఖం ఆమెకు చూపకుండా ఉండడానికి దానిని తండా శిష్యుని వైపు త్రిప్పి, తాను ప్రక్క నుండి మాట్లాడాడు. దిండ్ల మధ్య చిన్న ముఖం, తెల్లని జుట్టు, మేఘాలు కమ్మినట్లున్న కళ్లు. ఎప్పుడు వస్తావు అని అడిగిందని మాకు చెప్పాడు. వస్తున్నాను అని బదులిచ్చాడట. ఆమె దగ్గరకు వంగి చూసి ఇంకేదో అడిగింది.

"నువ్వెవరని అడుగుతోంది," అన్నాడు తండా శిష్యునితో. "మా బావ అని చెప్పాను."

ఆమె మళ్లీ మాట్లాడింది. ఈసారి కొంచెం పొడుగ్గా. తండా శిష్యుడు ఫోను మీదికి వంగాడు.

"ఏమంటుంది బావ?"

"నీ చేతికేమైందంటోంది. కడిగి వదిలెయ్యమంటోంది. గాయం మీద ఏమీ పూయొద్దంటోంది."

తండా శిష్యుడు కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. ఫోను అలాగే వెలుగుతూ ఉన్నది. ఆమె జవాబు కోసం చూస్తున్నది. అతడు ఆ వృద్ధురాలికి తల వంచి, సరే అవ్వ అన్నాడు. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు గాని చిరునవ్వు నవ్వింది.

విశ్వావసు నామ సంవత్సరం, వైశాఖ బహుళ పంచమి, శనివారం నాడు ఆమె అక్కడి ఆసుపత్రిలో, వేరొకరి చేతుల మీద మరణించింది. క్యాంపు శిష్యుడు ఆ రోజు బాన్సువాడలో ఉన్నాడు.